‘మత్తు దిగిపోయి ఉండాలి’: ఒక నర్సుకు ఫ్రేజల్ వెర్బ్‌లు, మోడల్ వెర్బ్‌లు కలిపి నేర్పిన కేసు

విదేశాలకు వెళ్లాలనుకునే నర్సులకు ఇంగ్లిషు నేర్పడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది ఓఈటీ (ఆక్యుపేషనల్ ఇంగ్లిష్ టెస్ట్) రాస్తారు. ఆస్ట్రేలియాలో పుట్టిన ఈ పరీక్ష వైద్యరంగంలో పనిచేసేవారి కోసమే ఉంది. ఈ కేసును రాయడానికి కారణం ఇందులో మూడుసార్లు తప్పు దారి పట్టింది విద్యార్థి కాదు, నేను. ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఊరు, ఆసుపత్రి, తేదీలు చెప్పడం లేదు, ఆమెను గుర్తుపట్టగల వివరాలు కొన్ని మార్చాను. వార్డులో అందరూ పిలిచినట్టే ఇక్కడ నేనూ ‘సిస్టర్’ అంటాను.

నేపథ్యం

సిస్టర్ పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివారు. తర్వాత బీఎస్సీ నర్సింగ్, ఆపైన ఎనిమిదేళ్లు శస్త్రచికిత్స వార్డులో ఉద్యోగం. ఆమె ఇంగ్లిషు పుస్తకాల ఇంగ్లిషు. వాంతి అంటే ‘వామిటింగ్’, నడిపించడం అంటే ‘ఆంబ్యులేషన్’, మానేయడం అంటే ‘డిస్‌కంటిన్యూ’. కేస్ షీటులో ఇవన్నీ సరైన మాటలే. డాక్టరుతో మాట్లాడేటప్పుడూ ఇబ్బంది లేదు. రోగితో మాత్రం ఆమె ఎప్పుడూ ఇంగ్లిషులో మాట్లాడలేదు. ఆ అవసరమూ రాలేదు.

నా దగ్గరికి వచ్చేసరికి పరీక్ష ఒకసారి రాసి ఉన్నారు. ఒక్కో విభాగానికి 500కు లెక్క. చదవడంలో 370, రాయడంలో 340, వినడంలో 320, మాట్లాడటంలో 320 వచ్చాయి. బ్రిటన్‌లో నర్సులను నమోదు చేసే ఎన్‌ఎంసీ రాయడంలో 300, మిగతా మూడింటిలో 350 అడుగుతుంది. అంటే కాగితం మీద ఆమెకు ఇబ్బంది లేదు, చెవి దగ్గర, నోటి దగ్గర ఆగిపోయారు. చాలామంది నర్సుల పరిస్థితి దీనికి తలకిందులుగా ఉంటుంది, రాయడంలో పోతారు. అందుకే మొదటిరోజే ఈ మార్కులు నాకు వింతగా అనిపించాయి.

సమస్య ఎలా బయటపడింది

“మాటలన్నీ వినిపిస్తాయి మేడమ్. కలిపితే ఇంకేదో అయిపోతాయి,” అన్నారు సిస్టర్. ఈ వాక్యాన్ని అప్పుడే సరిగ్గా విని ఉంటే నాకు ఆరు వారాలు మిగిలేవి.

వినే పరీక్షలో మొత్తం 42 ప్రశ్నలుంటాయి. మొదటి భాగంలో రోగికీ వైద్య సిబ్బందికీ మధ్య జరిగే రెండు సంభాషణలు వింటూ 24 ఖాళీలు నింపాలి. నేను అలాంటి సంభాషణ ఒకటి సొంతంగా రాసి, చదివి, రికార్డు చేసి ఇచ్చాను. మెట్ల మీద నుంచి జారిపడిన ఒక పెద్దావిడ అందులో ‘ఐ కాన్ట్ హావ్ పాస్డ్ అవుట్ ఫర్ మోర్ దాన్ ఎ మినిట్’ అంటుంది. స్పృహ తప్పింది, అయితే నిమిషానికి మించి తప్పి ఉండదు అని ఆమె భావం. సిస్టర్ ఖాళీలో ‘స్పృహ తప్పలేదు’ అని రాశారు. పరీక్షలో ఇది ఒక మార్కు. వార్డులో అయితే తలకు దెబ్బ తగిలిన మనిషి స్పృహ తప్పిందా లేదా అన్న సమాచారమే తారుమారైపోయింది.

ఎందుకలా రాశారని అడిగాను. “కాన్ట్ అంటే లేదు, కుదరదు అని కదా మేడమ్. పాస్ అవుట్ అంటే ముందు కోర్సు పూర్తి చేయడం అనుకున్నాను. తర్వాత, కాదులే, స్పృహ తప్పడం అని గుర్తొచ్చింది. కలిపితే స్పృహ తప్పలేదు అని వచ్చింది.” ఆ మొదటి అర్థం మన దేశపు ఇంగ్లిషుది. ఏ కాలేజీలో పాస్ అవుట్ అయ్యారని ఇక్కడ ఎవరినైనా అడగవచ్చు. లండన్‌లో అడిగితే కాలేజీలో కళ్లు తిరిగి పడిపోయారా అన్నట్టు వినిపించే అవకాశం ఉంది.

ఇంకో రికార్డింగులో నర్సు ‘ద అనస్తీషియా మస్ట్ హావ్ వోర్న్ ఆఫ్’ అంటుంది. మత్తు దిగిపోయి ఉంటుందని అర్థం. సిస్టర్‌కు ‘వోర్న్’ బదులు హెచ్చరించడం అనే ‘వార్న్’ వినిపించింది. రెండింటి ఉచ్చారణ బ్రిటిష్ నోట్లో ఒకటే కాబట్టి ఆమె చెవిలో తప్పులేదు. ‘మస్ట్’ అంటే తప్పనిసరి అని చదువుకున్నారు కనుక ‘మత్తుమందు గురించి తప్పనిసరిగా హెచ్చరించాలి’ అని రాశారు. ఆ వాక్యం తనకు తానుగా చక్కగానే ఉంది, రోగి మాత్రం అందులో ఎక్కడా లేడు.

మాట్లాడే పరీక్షలో రెండు సన్నివేశాలు నటించాలి. ఒక్కోదానికి మూడు నిమిషాలు సిద్ధం కావడానికి, సుమారు ఐదు నిమిషాలు మాట్లాడటానికి ఇస్తారు. మోకాలి ఆపరేషన్ తర్వాత ఇంటికి వెళ్తున్న రోగిగా నేను కూర్చున్నాను. ఆమె ఇచ్చిన సలహాల్లో రెండు నా పుస్తకంలో ఇప్పటికీ ఎర్ర సిరాతో ఉన్నాయి. మొదటిది ‘యూ డోన్ట్ హావ్ టు టేక్ ఆఫ్ ద డ్రెస్సింగ్’. కట్టు విప్పకూడదని చెప్పాలనుకున్నారు. నోట్లోంచి వచ్చింది కట్టు విప్పనక్కరలేదు అని, అంటే విప్పినా ఫరవాలేదని. రెండోది ‘ఆఫ్టర్ టెన్ డేస్ యూ విల్ హావ్ టు టేక్ అవుట్ ద స్టిచెస్’. పది రోజుల తర్వాత కుట్లు నన్నే తీసుకోమన్నారు.

ఏం చేశాను, ఎందుకు పనిచేయలేదు

నా మొదటి నిర్ధారణ: ఫ్రేజల్ వెర్బ్‌లు రావు. క్రియ ఒకటి, దాని వెనక అప్, ఆఫ్, అవుట్ లాంటి చిన్నమాట ఒకటి కలిసి కొత్త అర్థమిచ్చే ఈ జంటలు పాఠ్యపుస్తకాల ఇంగ్లిషులో తక్కువ, రోగుల ఇంగ్లిషులో ఎక్కువ. కాబట్టి జాబితా ఇవ్వాలనుకున్నాను. ఆసుపత్రిలో వినిపించేవి 150 ఏరి, క్రియల వారీగా పేర్చి, ఎదురుగా అర్థం రాసి ఇచ్చాను. ‘కమ్’ కింద కమ్ రౌండ్, కమ్ ఆఫ్, కమ్ డౌన్ విత్, కమ్ అప్. ‘పాస్’ కింద పాస్ అవుట్, పాస్ అవే, పాస్ ఆన్.

మూడు వారాలు గడిచాయి. జాబితా మీద పరీక్ష పెడితే దాదాపు అన్నీ సరిగ్గా రాశారు. రికార్డింగు పెడితే మార్పు లేదు. పైగా కొత్త గందరగోళం వచ్చి చేరింది. స్పృహలోకి రావడం అనే ‘కమ్ రౌండ్’కూ మందు మానేయడం అనే ‘కమ్ ఆఫ్’కూ మధ్య తడబడటం మొదలైంది. అంతకుముందు ఆ రెండూ తెలియవు కాబట్టి తడబాటూ లేదు. ఒకే పోలికతో ఉన్న పిల్లలను పక్కపక్కన నిలబెట్టి పేర్లు చెప్పి, మర్నాడు ఎవరెవరో చెప్పమన్నట్టుంది నేను చేసిన పని. క్రియల వారీగా పేర్చడం నిఘంటువుకు బాగుంటుంది, జ్ఞాపకానికి బాగుండదు.

సరే, అయితే లోపం మోడల్ వెర్బ్‌లలో, అంటే అవకాశం, అంచనా, తప్పనిసరి లాంటివి చెప్పే సహాయక క్రియల్లో ఉందనుకున్నాను. రెండో ప్రయత్నం అది. కెన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్ అనే తొమ్మిదింటికీ పట్టిక వేశాను. కెన్ అంటే సామర్థ్యం, మే అంటే అనుమతి, మస్ట్ అంటే తప్పనిసరి, షుడ్ అంటే సలహా. ఏ తరగతి పుస్తకంలోనైనా ఉండే పట్టికే. ‘షుడ్ టు గివ్ అప్’, ‘కెన్ ఏబుల్ టు’ లాంటి తప్పులు దీనివల్ల తగ్గాయి. అంతవరకు లాభమే. కానీ ‘ఇట్ షుడ్ వేర్ ఆఫ్ బై ఈవినింగ్’ విని, “సాయంత్రానికి తగ్గమని ఎవరికి సలహా ఇస్తున్నారు మేడమ్?” అని ఆమె నిజాయితీగానే అడిగారు. నా పట్టిక ప్రకారం ఆ ప్రశ్న సబబు. మత్తుకు సలహా ఇవ్వలేం కదా.

మూడోది తప్పు అని అప్పట్లో నేను అనుకోనే లేదు. నా తరగతిలో తెలుగు మాట్లాడకూడదన్న నియమం ఉండేది. ఇంగ్లిషులో ఆలోచిస్తేనే ఇంగ్లిషు వస్తుందని నాకు నేర్పారు, నేనూ అదే నేర్పాను. చెవికి అలవాటు కావాలని ఇంకో రెండు వారాలు రోజుకు రెండు రికార్డింగులు వినిపించాను. ఆమె విన్నారు, అలసిపోయారు, మార్కులు అలాగే ఉన్నాయి.

విరామంలో విన్న మాట

ఒక మధ్యాహ్నం విరామంలో సిస్టర్ ఫోనులో తమ వార్డులోని మరో నర్సుతో మాట్లాడుతున్నారు. ఏదో ఆపరేషన్ అయిన రోగి గురించి. “ఈపాటికి మత్తు దిగిపోయి ఉండాలి అక్కా. ఒకసారి కాళ్లు కదపమని చూడండి.”

నేను టీ కప్పు కింద పెట్టేశాను. దిగిపోయి ఉండాలి. ఆ వాక్యంలో ‘ఆలి’ ఉంది, కానీ తప్పనిసరి లేదు. మత్తును ఎవరూ ఆజ్ఞాపించడం లేదు. ఉన్న ఆధారాలను బట్టి ఒక నర్సు చేసిన అంచనా అది. నేను ఆరు వారాలుగా ఇంగ్లిషులో వినిపిస్తూ, ఆమెకు అర్థం కావడం లేదని బాధపడుతున్న వాక్యమే అది. ఆమె దాన్ని వార్డులో రోజూ వాడుతున్నారు.

తరగతిలోకి రాగానే బోర్డు మీద నాలుగు ముక్కలుగా రాశాను: దిగి, పోయి, ఉండ, ఆలి. వాటి కింద వోర్న్, ఆఫ్, హావ్, మస్ట్. సిస్టర్ కొంతసేపు చూసి, “అంటే మస్ట్ హావ్ వోర్న్ ఆఫ్ అంటే దిగిపోయి ఉండాలి... అంతేనా మేడమ్?” అన్నారు. అంతే. నా నియమం ఆ రోజుతో పోయింది.

ఇక్కడ కొంచెం ఆగి కారణం చెప్పాలి. ఫ్రేజల్ వెర్బ్ ఇంగ్లిషుకే ఉన్న వింత అని మనం అనుకుంటాం. తెలుగులో క్రియ వెనక పోవు, వేయు, కొను, పెట్టు చేరి చేసే పని దానికి చాలా దగ్గర. పడ్డాడు వేరు, పడిపోయాడు వేరు. మానడం వేరు, మానేయడం వేరు. తగ్గించడం వేరు, తగ్గించుకోవడం వేరు. ‘చనిపోయారు’లోని పోవడానికీ ‘పాస్ అవే’లోని ‘అవే’కూ పెద్ద దూరం లేదు. వాచిపోవడం స్వెల్ అప్, అయిపోవడం రన్ అవుట్, తీసేయడం టేక్ అవుట్, మానేయడం గివ్ అప్. ‘పోవు’కు ఒక్కటే అర్థం చెప్పమంటే మనం చెప్పలేం, అయినా ఎవరూ తప్పుగా వాడరు. ‘ఆఫ్’ కూడా అలాంటిదేనని అర్థమయ్యాక సిస్టర్‌కు సగం భయం పోయింది. నిజానికి ‘ఆఫ్ అంటే ఏమిటి’ అన్న ప్రశ్నే ఆమె ఆపేశారు.

అవకాశం, అంచనా, నిషేధం చెప్పే ముక్క తెలుగులో క్రియకు తోకలా చివర వస్తుంది: వచ్చు, ఆలి, కూడదు, గలను. ఇంగ్లిషులో అదే ముందు నిలబడుతుంది. హౌరా వైపు వెళ్లే బండికి విశాఖపట్నంలో ఇంజను ఆ చివర నుంచి ఈ చివరకు మార్చినట్టు, చివరున్న ‘ఆలి’ని ముందుకు తేవాలి, దాని పక్కనున్న ‘ఉండ’ను దాని వెనక తగిలించాలి. దిగి, పోయి అనే జంట పెట్టెలను మాత్రం విడదీయకుండా అదే వరుసలో వదిలేయాలి. రెండు భాషల్లోనూ క్రియ ముందు, దాని చిన్న తోడు వెనక.

పనిచేసినది

జాబితాలు పక్కన పెట్టాం. సిస్టర్ రోజూ వార్డులో తాను అన్న తెలుగు వాక్యాలు ఐదు రాసుకొచ్చేవారు. రోగి వివరాలేవీ ఉండకూడదన్నది షరతు. వాటిని బోర్డు మీద ఇంజను మార్చేవాళ్లం. ‘వాపు రెండు రోజుల్లో తగ్గిపోతుంది’, ‘మందు వేసుకున్నాక వాంతి కావచ్చు’, ‘ఆయన కాసేపట్లో తేరుకోవచ్చు’, ‘కట్టు విప్పేయకూడదు’. నేర్చుకున్నది ఒంటరి క్రియ కాదు, మోడల్‌తో కలిసిన ముద్ద: షుడ్ గో డౌన్, మైట్ త్రో అప్, మే కమ్ రౌండ్, మస్ట్‌న్ట్ టేక్ ఆఫ్. ఎనిమిది వారాల్లో అలాంటివి నలభైకి కాస్త పైగా చేరాయి. 150 ఎక్కడ, 40 ఎక్కడ. కానీ ఈ నలభై నోటికి వచ్చాయి.

విప్పేయకూడదు, విప్పనక్కరలేదు అన్న తేడా తెలుగులో ఆమెకు చెప్పాల్సిన పనే లేదు. కూడదుకు మస్ట్‌న్ట్, అక్కరలేదుకు డోన్ట్ హావ్ టు అని ఒక్కసారి జత కలిపితే ఆ తప్పు మళ్లీ రాలేదు. ‘హావ్ టు’కు ముందు ‘డోన్ట్’ పెడితే నిషేధమవుతుందని ఆమె సొంతంగా ఊహించుకున్నారు. చాలామంది అలాగే ఊహించుకుంటారు.

ఈ పోలిక ఎక్కడెక్కడ తెగుతుందో కూడా చెప్పాలి, లేకపోతే బోర్డును మంత్రంలా వాడతారు. ‘కుట్లు తీసేయాల్సి ఉంటుంది’ చూడండి. తీసి, వేయ, వలసి, ఉంటుంది. తిప్పితే విల్, హావ్ టు, టేక్, అవుట్ అని ముచ్చటగా వస్తుంది. అదే ప్రమాదం. తెలుగు వాక్యంలో కర్త లేడు, ఎవరు తీస్తారన్నది చెప్పకుండానే తెలుస్తుంది. ఇంగ్లిషు కర్త లేకుండా నిలబడదు కాబట్టి సిస్టర్ ‘యూ’ పెట్టేశారు, రోగి చేతికి కత్తెర ఇచ్చారు. అక్కడ కుట్లనే ముందుకు తెచ్చి, తెలుగులో లేని ‘బీ’ని ఇరికించి, ‘విల్ హావ్ టు బీ టేకెన్ అవుట్’ అనాలి. కర్త లేని ప్రతి తెలుగు వాక్యం దగ్గరా ‘ఎవరు?’ అని అడగడం అలవాటు చేశాను.

రెండో తెగుదల మొదటి రికార్డింగులోని ‘కాన్ట్ హావ్’ దగ్గర. ‘మస్ట్ హావ్’ దిగిపోయి ఉండాలి అయితే దాని వ్యతిరేకం దిగిపోయి ఉండకూడదు కావాలని ఎవరికైనా అనిపిస్తుంది. తెలుగులో అలా అనం. ‘అప్పుడే దిగిపోయి ఉండదు’ అంటాం. అంచనా ‘ఆలి’తో వస్తే, దాన్ని కాదనడం ‘ఉండదు’, ‘ఉండరు’తో వస్తుంది. ఇంగ్లిషూ ఇక్కడ దారి మార్చి మస్ట్‌ను వదిలి కాన్ట్‌ను పట్టుకుంటుంది. రెండు భాషలూ ఒకే మలుపు దగ్గర దారి మార్చడం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. ‘నిమిషానికి మించి స్పృహ తప్పి ఉండను’ అని తెలుగులో చెప్పి చూపించగానే పెద్దావిడ మాట సిస్టర్‌కు పట్టుబడింది.

సర్వనామం ఎక్కడ పెట్టాలన్నది మూడోది. కట్టును ‘దాన్ని’ అంటే ‘టేక్ ఇట్ ఆఫ్’, మాత్రలను ‘వాటిని’ అంటే ‘కమ్ ఆఫ్ దెమ్’. ఒకచోట సర్వనామం జంట మధ్యలో, ఇంకోచోట చివర. ఎందుకు? కట్టును మీరు తీస్తే ఊడి వచ్చేది కట్టు, ఊడేది మధ్యలో కూర్చుంటుంది. మాత్రలు మానితే వాటి నుంచి బయటికి వచ్చేది మీరు, మాత్రలు కదలవు కాబట్టి చివరే ఉంటాయి. అన్ని ఫ్రేజల్ వెర్బ్‌లకూ ఈ తర్కం నిలవదు. ఆసుపత్రి మాటల్లో చాలావాటికి నిలుస్తుంది, మాకు అంతే కావాలి.

చెవి సంగతి: సంధి

అర్థం తేలింది, వినడం ఇంకా తేలలేదు. ఇంగ్లిషు మాట్లాడేవారు మోడల్‌ను మింగేస్తారు. ‘మస్ట్ హావ్’ మస్టవ్ అవుతుంది, ‘షుడ్ హావ్’ షుడవ్. ఫ్రేజల్ వెర్బ్‌లో బరువు తరచు చిన్నమాట మీదే పడుతుంది. సిస్టర్ మాత్రం మస్ట్, హావ్, వోర్న్ మూడూ విడివిడిగా, సమానంగా వినిపిస్తాయని ఎదురుచూసేవారు.

ఇక్కడ ఉపయోగపడింది తెలుగు లిపి. విన్నదాన్ని ఇంగ్లిషు అక్షరాల్లో రాయమంటే తనకు తెలిసిన మాటగా మార్చి రాసేవారు. అందుకే ‘వార్న్’ వచ్చింది. తెలుగులో రాయమన్నాను. అర్థం ఆలోచించవద్దు, చెవిన పడ్డది పడ్డట్టు. ‘మస్టవ్ వోర్నాఫ్’ అని రాశారు. ‘షుడ్ వేరాఫ్’, ‘మైట్ త్రోవప్’, ‘కన్ కమాఫ్’, ‘కాన్టవ్ పాస్టౌట్’. కాగితం చూసి నవ్వుకున్నాం. వాడు, ఎక్కడ కలిసి వాడెక్కడ అయినట్టే వేర్, ఆఫ్ కలిసి వేరాఫ్. పదో తరగతిలో సంధులు విడదీసి మార్కులు తెచ్చుకున్న మనిషికి ఇది కొత్త విద్య కాదు. రోజూ పదిహేను నిమిషాలు ఇంగ్లిషు సంధులు విడదీశాం. కలిపితే ఇంకేదో అయిపోతాయని మొదటిరోజు ఆమె అన్నదానికి జవాబు ఇంత దగ్గరలో ఉంది.

కెన్, కాన్ట్ తేడా కూడా ఇలాగే తేలింది. బ్రిటిష్ గొంతులో కాన్ట్‌కు దీర్ఘం ఉంటుంది, వాక్యం మధ్యలో కెన్ ‘కన్’లా కుంచించుకుపోతుంది. చివరి ‘ట్’ కోసం చూడకుండా దీర్ఘం కోసం వినమన్నాను.

‘అమ్మా’ను ఇంగ్లిషులో ఎక్కడ పెట్టాలి

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసిన గొడవ ఇది. సిగరెట్లు తగ్గించమని రోగికి ‘యూ మైట్ వాంట్ టు కట్ డౌన్ ఆన్ స్మోకింగ్’ అని చెప్పమంటే సిస్టర్ ఒప్పుకోలేదు. “మైట్ అంటే అనుమానం కదా మేడమ్. నర్సే అనుమానంగా చెబితే రోగి వింటారా? మస్ట్ అనాలి.”

మీరు వార్డులో ఎలా చెబుతారని అడిగాను. “సిగరెట్లు తగ్గించాలి పెద్దాయనా, అంటాను.” అందులో తగ్గించాలి గట్టిగానే ఉంది, కానీ పక్కనే ‘పెద్దాయనా’ ఉంది. మందు వేసుకోవాలమ్మా, లేచి నడవాలి నాన్నా, ఉప్పు మానేయాలండీ. తెలుగులో ఆజ్ఞ పదును తగ్గించేది పిలుపు, గౌరవవాచకం. ఇంగ్లిషులోకి వెళ్లేటప్పుడు ‘ఆలి’కి మస్ట్ దొరికింది, ‘పెద్దాయనా’కు ఏదీ దొరకక జారిపోయింది. మిగిలింది ఉత్త ఆజ్ఞ. మాట్లాడే పరీక్షలో రోగితో సంబంధం ఎలా ఏర్పరచుకున్నారు, భాష సందర్భానికి తగ్గట్టు ఉందా అని కూడా చూస్తారు. ఆమె మార్కులు అక్కడ పోతున్నాయని నా అంచనా.

కాబట్టి ఆ ‘మైట్ వాంట్ టు’ను అనుమానంగా చూడవద్దు, దాన్ని ‘పెద్దాయనా’ అనుకోండి అన్నాను. ఆ వాక్యానికి మా అనువాదం ‘సిగరెట్లు కాస్త తగ్గించుకుంటే బాగుంటుంది పెద్దాయనా’. సిస్టర్ దీన్ని ఎంత బాగా పట్టుకున్నారంటే, తర్వాతి వారం ఎక్కడ మెత్తదనం కూడదో నాకే చెప్పారు. కట్టు విప్పవద్దని చెప్పేటప్పుడు మైట్ పనికిరాదు, అక్కడ మస్ట్‌న్టే ఉండాలి, మెత్తదనం కావాలంటే గొంతులో చూపించాలి అన్నారు. అది ఎనిమిదేళ్ల వార్డు అనుభవం, నా వ్యాకరణం కాదు.

ఫలితం, నేను చూసుకోని నష్టం

రెండోసారి వినడంలో 350, చదవడంలో 370, మాట్లాడటంలో 370 వచ్చాయి. వినడం సరిగ్గా గీత మీద ఉంది, పది తగ్గితే మళ్లీ రాయాల్సిందే. అక్కడ అదృష్టం పాలు లేదనలేను.

రాయడంలో మాత్రం 340 నుంచి 310కి పడిపోయారు. కారణం నాదేనని అనుకుంటున్నాను. ఆ విభాగంలో నర్సు రాయాల్సింది సాధారణంగా మరో వైద్య నిపుణుడికో సంస్థకో ఉత్తరం. అక్కడ రోగి గురించి ‘త్రూ అప్’, ‘పాస్డ్ అవుట్’ అని రాయరు, ఆమె మొదట్లో వాడిన పుస్తకాల మాటలే సరైనవి. పరీక్షకు ముందు ఆమె రాసిన చివరి సాధన ఉత్తరాలు తర్వాత తీసి చూస్తే అన్నింటిలోనూ మా నలభై ముద్దల్లో కొన్ని దూరి ఉన్నాయి. వాటిని మాట్లాడటానికి నేర్పాను కానీ ఉత్తరం గడప బయట విడవాలని చెప్పలేదు. ఎన్‌ఎంసీకి 300 చాలు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు ప్రతి ముద్ద పక్కన దాని కోటు వేసుకున్న రూపం కూడా రాయిస్తున్నాను. నోటికి మైట్ హావ్ పాస్డ్ అవుట్, కలానికి మే హావ్ లాస్ట్ కాన్షస్‌నెస్. మోడల్ రెండు చోట్లా ఉంటుంది, మారేది క్రియ.

మరో సంగతి. ఈ పద్ధతితో తర్వాత వచ్చిన ఒకరికి ఏ ప్రయోజనమూ కలగలేదు. తెలుగు కుటుంబమే, కానీ చదువంతా ఇంకో రాష్ట్రంలో, ఇంగ్లిషు మాధ్యమంలో. ‘దిగిపోయి ఉండాలి’ని విడదీయమంటే ఆయనకు అదే కొత్త పాఠమైంది. ఆయనకు నేరుగా ఇంగ్లిషు వాక్యాలే మేలు చేశాయి. కాబట్టి ఇప్పుడు మొదటిరోజు పరీక్ష పెట్టేముందు, వార్డులో నిన్న రోగితో ఏమన్నారో తెలుగులో చెప్పమని అడుగుతున్నాను. జవాబును బట్టి ఏ బోర్డు వేయాలో నిర్ణయించుకుంటాను. మోడల్‌కు ఒక పాఠం, ఫ్రేజల్ వెర్బ్‌కు ఒక పాఠం అని విడగొట్టడం మాత్రం ఇద్దరి తర్వాతా మానేశాను.

సిస్టర్ ఇప్పుడు బ్రిటన్‌లో పనిచేస్తున్నారు. వెళ్లిన కొత్తలో ఒక వాయిస్ మెసేజ్ పంపారు. ఒక పెద్దాయన మంచం దిగబోతూ మోకాలు పట్టుకుని ‘మస్ట్ బీ ప్లేయింగ్ అప్ అగైన్’ అన్నారట. అది మా నలభైలో లేదు. నేను బోర్డు ముందుంటే ‘ఆడుతూ ఉండాలి’ దగ్గర మొదలుపెట్టి చాలాసేపు తంటాలు పడేదాన్ని. “మళ్లీ మొరాయిస్తున్నట్టుంది అన్నాడు మేడమ్, అంతే కదా?” అని ఉంది మెసేజ్‌లో. ‘మస్ట్ బీ’కి ఎదురుగా ఉండాలి ఒక్కటే రాసి ఉన్న నా బోర్డు మీద, దాని కింద ‘అట్టుంది’ అని చేర్చాను.